పురుగు అంటే మనకెందుకంత కోపం?

(సైన్సు పేజీ – 9వ తరగతి)

ఈ నెల గోడపత్రికలో సైన్సు పేజీ మా తొమ్మిదో తరగతికి వచ్చింది. పుస్తకంలో ఉన్న పాఠమే మళ్లీ రాస్తే ఎవ్వరూ నిలబడి చదవరు. అందుకని మన హాస్టల్ వెనక తోటలో ఉన్న పురుగుల గురించి, వాటిని చూస్తే మనుషులకు ఏమనిపిస్తుందో దాని గురించి రాస్తున్నాను. ఇందులో కొన్ని పుస్తకాల్లో చదివినవి, కొన్ని మా తండాలో చూసినవి, కొన్ని వంట అక్కలను, తోట చూసే తాతను అడిగి తెలుసుకున్నవి. కొంచెం పొడుగైంది. పొద్దున టిఫిన్ లైన్లో సగం, రాత్రి అన్నం లైన్లో సగం చదవండి.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. తెలుగులో పురుగు అనే మాట చాలా పెద్దది. బియ్యంలో ఉండేదీ పురుగే, వంకాయలో ఉండేదీ పురుగే. రాత్రి మెరిసేది మిణుగురు పురుగు, పట్టుచీర ఇచ్చేది పట్టు పురుగు. మన ఊళ్లల్లో పాము కరిస్తే పాము అనకుండా "పురుగు ముట్టింది" అంటరు. ఎవరినైనా తక్కువ చేసి చూస్తే "పురుగును చూసినట్టు చూసిండు" అంటరు. అంటే భయం, అసహ్యం, చిన్నచూపు అన్నీ ఈ ఒక్క మాటలోనే పెట్టేసినం. మా ఇంట్లో మేము లంబాడీ మాట్లాడుకుంటాం. నేను ఒకటో తరగతిలో తెలుగు నేర్చుకునేటప్పుడు పురుగు అంటే ఒక్కటే ప్రాణి అనుకున్నాను. తర్వాత చూస్తే అది ఒక ఊరంత ఉంది.

సైన్సు ప్రకారం కీటకం అంటే ఆరు కాళ్లు ఉండాలి, శరీరం తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలుగా ఉండాలి. సాలీడుకు ఎనిమిది కాళ్లు, కాబట్టి అది కీటకం కాదు. వానపాముకు కాళ్లే లేవు, అదీ కాదు. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేర్లు పెట్టిన కీటకాలే 10 లక్షల రకాల కంటే ఎక్కువ. వాటిలో మన పంటలు తినేవి చాలా కొద్ది. మిగతావి పూలకు పుప్పొడి అంటిస్తయి, పేడను మట్టిలో కలుపుతయి, పిట్టలకు తిండి అవుతయి, ఇంకో పురుగును తింటయి. కానీ మనకు గుర్తుండేది మాత్రం మన పళ్లెంలోకి వచ్చిన పురుగు ఒక్కటే.

మా క్లాసులో "నీకు ఏ పురుగు అంటే అస్సలు పడదు?" అని అడిగాను. ఎక్కువ మంది గొంగళి పురుగు పేరే చెప్పారు. బొద్దింక రెండో నంబరు. "ఏది ఇష్టం?" అంటే అందరూ సీతాకోకచిలుక అన్నరు. కొంతమంది ఆరుద్ర పురుగు అన్నరు. ఇక్కడే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే సీతాకోకచిలుక చిన్నప్పుడు పురుగే కదా! మన కరివేపాకు చెట్టు మీద చూడండి. ముందు పిట్ట రెట్ట వేసినట్టు నల్లగా, తెల్లగా ఒకటి ఆకుకు అంటుకొని ఉంటుంది. అది పురుగు. పిట్టలు రెట్ట అనుకొని వదిలేయాలని ఆ వేషం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటికి తీసి వాసన వదులుతుంది. వంట అక్క దాన్ని చూస్తే చెప్పు తీస్తది. కరివేపాకు రెమ్మలన్నీ ఈనెలు మిగిల్చి తింటది కాబట్టి అక్క కోపం కూడా న్యాయమే. కానీ అదే పురుగు రెక్కలు వచ్చి ఎగిరితే మనం డ్రాయింగ్ పుస్తకంలో వేసి రంగులు నింపుతాం. పక్కన ఉన్న బొమ్మలో నాలుగు దశలూ మా క్లాసు అమ్మాయి వేసింది, చూడండి.

ఆరుద్ర పురుగు సంగతి ఇంకా విచిత్రం. ఆరుద్ర కార్తెలో వానలు పడగానే ఎర్రమట్టి మీద ముఖమల్ గుడ్డ ముక్కలు పారేసినట్టు కనిపిస్తయి. చిన్న పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకుంటరు. రైతులు చూసి సంతోషపడతరు, అదును వచ్చిందని. నిజానికి దానికి ఎనిమిది కాళ్లు ఉంటయి. అది సాలీడుకు, నల్లికి దగ్గరి చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు వేరే పురుగులను పట్టుకొని బతుకుతుంది. అయినా ఎవ్వరూ దాన్ని తిట్టరు. ఎర్రగా, మెత్తగా, వానతో పాటు వస్తుంది కాబట్టి! మన ప్రేమలు, కోపాలు చాలావరకు చూపును బట్టే పోతయని నాకు అనిపించింది.

గొంగళి పురుగుకు ఆ పేరు ఎట్ల వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? గొంగళి అంటే మనం గొంగడి అనేదే, గొర్రె బొచ్చుతో నేసిన కంబళి. అంటే కంబళి కప్పుకున్న పురుగు అన్నమాట. మన బావి దగ్గర మునగ చెట్టు బోదెకు పగటిపూట గుంపుగా అతుక్కొని ఉంటయి. రాత్రి పైకెక్కి ఆకు తింటయి. వాటి వెంట్రుకలు చర్మానికి గుచ్చుకుంటే దద్దుర్లు వస్తయి. అందుకే వాటికి కర్రకు గుడ్డ చుట్టి నిప్పు పెట్టి కాల్చడం పాత పద్ధతి. అక్కడికి చిన్న తరగతుల పిల్లలు పోవద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన తోటలో ఈసారి వంకాయకు పురుగు పట్టింది. అందరికీ తెలుసు, ఎందుకంటే గత నెల సాంబారులో ఏం వచ్చిందో అందరం చూసినం. మందు కొట్టిద్దామని ఒక మాట వచ్చింది. మందు కొట్టే ముందు ఆ పురుగు ఎట్ల బతుకుతుందో తెలుసుకుంటే మంచిదని నా అభిప్రాయం.

దాని పేరు మొవ్వు, కాయ తొలుచు పురుగు. తల్లి చిన్న తెల్లటి రెక్కల పురుగు, రాత్రి తిరుగుతుంది. ఆకుల అడుగున ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. కొద్ది రోజులకు గుడ్డు పగిలి పిల్ల పురుగు బయటికి వస్తుంది. వచ్చిన వెంటనే అది లేత కొమ్మలోకో, కాయలోకో తొలుచుకొని పోతుంది. పోయిన రంధ్రాన్ని తన మలంతోనే మూసేసుకుంటుంది. ఇక లోపల దానికి ఇల్లూ, తిండీ అన్నీ ఒక్కటే. మనం పైన ఎంత మందు కొట్టినా లోపల ఉన్నదానికి సరిగా తగలదు. పైన తిరిగే సాలీళ్లు, అక్షింతల పురుగులు, కందిరీగలు మాత్రం చస్తయి. అంటే దొంగ ఇంట్లో ఉంటే వాకిట్లో కాపలా కుక్కను కొట్టినట్టు. అందుకే వంగ తోటల్లో రైతులు మళ్లీ మళ్లీ కొడతరు. కోసిన కాయ మెరవాలి కాబట్టి కోతకు ముందు కూడా కొడతరు.

ఈ ఒక్క పురుగు కోసం దేశంలో ఎంత గొడవ జరిగిందో మా సైన్సు మేడం చెప్పారు. పురుగు తింటే చచ్చేట్టు జన్యువు మార్చిన బీటీ వంకాయ తయారు చేశారు. అది మంచిదా కాదా అని 2010లో ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది. తర్వాత 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ దాన్ని ఆపేశారు. పక్కనున్న బంగ్లాదేశ్ 2013లో అనుమతి ఇచ్చింది, అక్కడ పండిస్తున్నారు. ఎవరిది సరైనదో పెద్దవాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు. నేను ఇక్కడ తీర్పు చెప్పను. మనకు ఉన్నది నాలుగు మడులు మాత్రమే.

మిగతా మొక్కల గురించి తొందరగా చెప్తాను. బెండ ఆకు అంచులు పసుపుపచ్చగా మారి ముడుచుకుంటే అది పచ్చదోమ పని. ఆకు తిప్పి చూస్తే ఆకుపచ్చ చుక్కల్లాంటివి అడ్డంగా నడుస్తయి. గుమ్మడి మొలకలను కొరికేది ఎర్ర పెంకు పురుగు, పొద్దున్నే మంచు మీద మత్తుగా ఉంటది, అప్పుడు చేత్తో ఏరి సబ్బు నీళ్లల్లో వేయవచ్చు. చిక్కుడు తీగ కొనలకు నల్లగా పేరుకునేది పేనుబంక. దాని వెంట చీమలు లైను కడతయి, ఎందుకంటే పేనుబంక తియ్యటి జిగురు విడుస్తుంది, చీమలకు అది బెల్లం పానకం లాంటిది. పేనుబంకను తినేది అక్షింతల పురుగు. ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలతో ఉంటుంది, అక్షింత గింజంత ఉంటుంది. దాని పిల్ల మాత్రం అస్సలు అట్ల ఉండదు. నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిలాగ ఉంటుంది. పోయిన నెల ఆరో తరగతి చెల్లెళ్లు చీడ అనుకొని వాటినే ఏరి నలిపేశారు. అదే పేనుబంకను రోజంతా తినేది! ఇంకో తిరకాసు ఉంది. వంగ ఆకును జల్లెడ చేసే అక్షింతల పురుగు కూడా ఉంది. దానికి చుక్కలు చాలా ఎక్కువ, రంగు మెరవదు, వెలిసిపోయినట్టు ఉంటది. కాబట్టి ముందు నలిపి తర్వాత ఆలోచించే పద్ధతి మానాలి.

ఇక పొలం సంగతి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంటే సాగర్ ఎడమ కాలువ కింద వరి. దాన్ని లాల్ బహదూర్ కాలువ అని కూడా అంటరు. మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఎన్ని ఉన్నయో బస్సులో పోతుంటేనే కనిపిస్తుంది. ఇంత వరి ఒక్కచోట ఉంటే వరి తినే పురుగుకు పండుగే కదా. మీరందరూ చూసే ఉంటారు, దీపావళికి అటూ ఇటూ స్టడీ అవర్లో ట్యూబ్‌లైట్ చుట్టూ ముసిరే చిన్న చిన్న పచ్చ పురుగులు. పుస్తకం మీద, జడలో, అన్నంలో పడతయి. అవి వరి చేనులోనే పుట్టిన పచ్చదోమలు, వెలుతురుకు వస్తయి. మనం లైటు ఆర్పి తిట్టుకుంటాం. రైతు అదే లైటును ఎరగా పెడతడు. చేను దగ్గర బల్బు కట్టి కింద నీళ్ల తొట్టి పెడితే ఏ పురుగు ఎంత వస్తుందో లెక్క తెలుస్తుంది.

వరికి అన్నిటికన్నా భయపెట్టేది సుడిదోమ. మొక్క మొదట్లో, నీళ్లకు కొంచెం పైన గుంపుగా ఉండి రసం పీలుస్తుంది. చేను నడుమ గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండిపోతుంది, అందుకే ఆ పేరు. మా నాన్న అది కనపడితే అన్నం తినడు. దగ్గర దగ్గరగా నాటి, యూరియా ఎక్కువ వేస్తే ఆ పైరు గుబురుగా, మెత్తగా ఉంటుంది, దోమకు అదే కావాలి. గడ్డిపల్లి, కంపాసాగర్ లాంటి చోట్ల కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నయి. వ్యవసాయ శాఖ వాళ్లు, శాస్త్రవేత్తలు చెప్పేది ఏంటంటే, నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి, మధ్య మధ్య నీళ్లు తీసి ఆరగట్టాలి. గాలి, వెలుతురు మొదళ్లకు తగిలితే దోమ తగ్గుతుంది. చేనులో సాలీళ్లు, దోమను తినే నల్లులు కూడా ఉంటయి. అవసరం లేకున్నా ముందే మందు కొడితే ముందు చచ్చేది అవే. తర్వాత దోమ ఇంకా ఎక్కువ వస్తుంది. అంటే మందు కొట్టినందుకే పురుగు పెరిగిందన్నమాట. ఇది చదివినప్పుడు నేను నమ్మలేదు, మళ్లీ రెండుసార్లు చదివాను.

మొగి పురుగు వరి ఆకు కొసన గుడ్లు పెడుతుంది. మా అమ్మ నాటుకు పోయినప్పుడు నారు కట్టల కొసలు తుంచి నాటుతరు. "ఎందుకు తుంచుతరు యాడీ?" అని చిన్నప్పుడు అడిగితే "గట్లనే చేస్తరు" అంది. మా అమ్మకు చదువు రాదు. కానీ ఆ కొసల మీద గుడ్లు ఉంటయని, తుంచితే అవి పొలంలోకి పోవని నేను తొమ్మిదిలో చదివి చెప్తే "మాకు ఎప్పుడో తెల్సు, పేరు తెల్వదు గంతే" అని నవ్వింది.

మెట్ట చేలల్లో ఆముదం వేసే కాలంలో ఎర్ర గొంగళి పురుగు అంటే నల్గొండ, మహబూబ్‌నగర్ రైతులు వణికేవాళ్లు. మా దాదీ చెప్తది, మందలు మందలుగా చేను నుంచి చేనుకు నడిచి వచ్చేవట, పొద్దున మొలకలు ఉన్న చేను సాయంత్రానికి ఖాళీ అట. దాని లెక్క చాలా బాగుంటుంది. ఏడాదంతా మట్టిలో నిద్రపోతుంది. తొలకరి పెద్ద వాన పడ్డాక రెక్కల పురుగై ఒక్కసారే బయటికి వస్తుంది. ఒక్కో తల్లి వందల గుడ్లు పెడుతుంది. పెద్ద పురుగుకు ఒళ్లంతా బొచ్చు, మందు సరిగా పని చేయదు. కాబట్టి దాన్ని పట్టాల్సింది ఆ వాన రాత్రుల్లోనే. 1989 ప్రాంతంలో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ వాళ్లు ఊళ్లల్లో రైతులతో కలిసి ఇదే పని చేయించారు. తొలకరి పడ్డాక ఊరంతా ఒకే రాత్రి చేలల్లో మంటలు పెట్టాలి. రెక్కల పురుగులు వెలుగుకు వచ్చి పడతయి. మిగిలిన పురుగులు నడిచి రాకుండా గట్టు చుట్టూ కందకం తీసి జిల్లేడు ఆకు, తూటికాడ వేయాలి. అవి వాటిని తింటూ అక్కడే ఆగుతయి. ఒక్క రైతే చేస్తే పని కాదు, పక్క చేను పురుగు ఇటే వస్తుంది. ఇందులో ఖర్చు ఏమీ లేదు, కష్టం ఒక్కటే, అందరూ ఒకటి కావడం.

అందరూ ఒకటి కాకపోతే ఏమైతదో కూడా మన దగ్గరే జరిగింది. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి మీద పొగాకు లద్దె పురుగు పడింది. అప్పు తెచ్చి ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. ఆ ఒక్క కాలంలో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగు తగ్గింది. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దానికి కూడా అలవాటు పడింది. పురుగుకు బడి లేదు గానీ చాలా తొందరగా నేర్చుకుంటది.

అదే కాలంలో వేరే దారి పట్టిన ఊళ్లూ ఉన్నయి. పాల్వంచ దగ్గర పునుకుల ఊరి వాళ్లు 2003లో మా ఊళ్లో పురుగుల మందు వాడం అని ప్రకటించారు. వేప, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం లాంటివి వాడారు. జనగామ వైపు ఏనెబావి 2006లో మందులు, ఎరువులు రెండూ వదిలేసింది. ఇవి మన జిల్లాలకు దూరం ఏమీ కాదు.

చైనా కథ కూడా చెప్పాలి. అక్కడ 1958లో ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలను కూడా శత్రువులుగా ప్రకటించారు, గింజలు తింటయని. జనమంతా డప్పులు, గిన్నెలు కొట్టి పిచ్చుకలు వాలకుండా తరిమి తరిమి చంపారు. తర్వాత చూస్తే పంట తినే పురుగులు పెరిగిపోయాయి. పిచ్చుకలు గింజలతో పాటు పురుగులను కూడా తినేవి మరి. 1960లో పిచ్చుక పేరు తీసేసి నల్లి పేరు పెట్టారు. అప్పటికే ఆలస్యం అయింది.

ఇప్పుడు "మందు" గురించి. జ్వరం వస్తే వేసుకునేదీ మందే, పురుగులకు కొట్టేదీ మందే. మా తండాలో దుకాణం నుంచి సీసా తెస్తే "మందు తెచ్చిన" అంటరు. విషం తెచ్చిన అంటే అంత ధైర్యంగా ఇంట్లో గూట్లో పెట్టరు కదా. పేరు వల్లనే సగం భయం పోయింది అనిపిస్తుంది. 2013 జులైలో బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు కలిసిందని పరీక్షల్లో తేలింది. ఆ మందును కూరగాయల మీద వాడొద్దని మన దేశంలో 2005లోనే నిషేధించారు. మన లాంటి పిల్లలే, మన లాగనే లైన్లో కూర్చొని తిన్నరు. అందుకే స్టోర్ రూంలో బియ్యం, నూనె ఉన్న దగ్గర మందు సీసా ఒక్కటి కూడా ఉండకూడదని వార్డెన్ మేడం గారికి మనవి.

మందు సీసా మీద నలుచదరపు గుర్తు ఒకటి ఉంటుంది. అందులో కింది సగం త్రికోణం రంగు చూడాలి. ఎరుపు అంటే అతి ప్రమాదం, పసుపు అంటే ఎక్కువ ప్రమాదం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. ఆకుపచ్చ అన్నా విషమే. చాలామంది ఆకుపచ్చ చూసి ఆకుకూరలకు మంచిది అనుకుంటరు. ఇది సెలవుల్లో మీ ఇంట్లో తప్పకుండా చెప్పండి, చదువు రాకున్నా రంగు గుర్తు పట్టవచ్చు.

దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగింది ఒకటి రాస్తాను. మా నాన్న బావి దగ్గర పది గుంటల్లో బెండ వేసిండు. పచ్చదోమ పడితే మందు తెచ్చి కొట్టిండు, వీపు మీద పంపు, కాళ్లకు చెప్పులు లేవు, ముక్కుకు తువ్వాల. సాయంత్రం తల తిరుగుతుందని పడుకుండు. సీసాకు మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది, చీమ కాళ్లంత అక్షరాలు, చాలా భాషల్లో. అందులో తెలుగు వెతికి నేను చదివాను. చేతులకు తొడుగులు వేసుకోవాలి, గాలికి ఎదురుగా కొట్టకూడదు, కొట్టిన తర్వాత ఏడు రోజులదాకా కాయలు కోయకూడదు అని ఉంది. మర్నాడు కాక ఎల్లుండి కోదాడ మార్కెట్‌కు కాయలు పోవాలి. నాన్నకు చదివి వినిపించిన. "ఏడు రోజులు ఆగితే బెండకాయ కట్టె అయితది" అన్నడు. నిజమే, బెండకాయ ఆగదు. అమ్మ ఏమీ అనలేదు. కొంచెం సేపటికి నాన్న "పురుగు లేని కాయ కావాలంటరు, మందు లేని కాయ కావాలంటరు, అగ్గువకు కావాలంటరు. మూడూ నేనెట్ల తెచ్చేది?" అన్నడు. నాకు జవాబు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ వారం మా ఇంట్లో కాయలు కోయలేదు. ముదిరిన వాటిని అమ్మ విత్తనానికి వదిలింది. ఆ పైసలతో నాకు కొనాల్సిన ట్రంకు పెట్టె సంక్రాంతికి చూద్దామన్నరు. మళ్లీ ఆ కాగితం పారేయకుండా నాన్న దాన్ని గోడ సందులో పెట్టిండు.

మా నాన్న అడిగిన ప్రశ్నకు మార్కెట్లో జవాబు లేదు గానీ మన తోటకు ఉంది. ఎందుకంటే మన వంకాయ మెరవనక్కర లేదు. దాన్ని కొనేవాళ్లు లేరు, తినేవాళ్లమే ఉన్నం. పుచ్చు ఉంటే కోసి అవతల పారేసి మిగతా సగం వండుకోవచ్చు. వంట అక్కలకు కోసేటప్పుడు పని పెరుగుతుందని పెద్దక్క అన్నది, అది సరైన మాటే. దానికి మా తొమ్మిదో తరగతి వాళ్లం వంకాయ ఉన్న రోజు ఇద్దరిద్దరం పోయి కోసిస్తామని ఒప్పుకున్నాం. కొన్ని కాయలు పోతయి. అస్సలు పోకుండా చేస్తామని నేను చెప్పడం లేదు.

చేయాల్సింది ఇది. వారానికి రెండుసార్లు వంగ మొక్కలు తిరిగి చూడాలి. కొన వాలిపోయి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. వాలిన చోటుకు కింద ఒక బెత్తెడు వదిలి తుంచాలి. రంధ్రం ఉన్న కాయలు కూడా తెంపాలి. మడిలో రాలిన ఎండు ఆకులు ఏరేయాలి, పురుగు అక్కడే గూడు కట్టుకుంటుంది. మగ రెక్కల పురుగులను వాసనతో లాగే లింగాకర్షక బుట్టలు దొరుకుతయి, అవి రెండు తెప్పించమని సైన్సు మేడంను అడిగాము. వేప గింజల కషాయం మనమే చేసుకోవచ్చు. అర కిలో వేప గింజల పప్పు దంచి, గుడ్డలో మూట కట్టి, 10 లీటర్ల నీళ్లల్లో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిసికి, వడగట్టి, కొంచెం సబ్బు నీళ్లు కలిపి చల్లాలి. దాన్నే 5 శాతం కషాయం అంటరు. ఎండకు దాని బలం తగ్గుతుంది కాబట్టి సాయంత్రం పూట చల్లాలి. ఇది పురుగును టక్కున చంపదు. తినబుద్ధి కాకుండా చేస్తుంది, ఎదగనివ్వదు. కాబట్టి మర్నాడే పోయి "ఇంకా బతికే ఉంది" అని అరవొద్దు. మన గ్రౌండులో వేపచెట్ల కింద వానాకాలంలో ఏరిన గింజలు తోట తాత దగ్గర ఒక సంచి ఉన్నయి.

వార్డెన్ మేడం రెండు వారాలు చూద్దామన్నరు. ఆ తర్వాత కూడా తగ్గకపోతే మందు సంగతి ఆలోచిస్తామన్నరు. అందుకని ఈ ఆదివారం టిఫిన్ కాగానే 9వ తరగతి మొత్తం, 8వ తరగతిలో ఇష్టమున్నవాళ్లు వంగ మడుల దగ్గరకు రండి. కత్తి, బ్లేడు తేవద్దు, చేత్తో తుంచితే చాలు. తుంచిన కొనలు గట్టు మీద పారేయొద్దు, అందులో పురుగు బతికే ఉంటది, మళ్లీ ఎక్కుతది. నీలం బకెట్ పెడతాం, అందులోనే వేయండి. సాయంత్రం లోతుగా గుంత తీసి పూడ్చేస్తాం. బకెట్ మోయడానికి ఇద్దరు కావాలి, పేర్లు ఈ కాగితం కింద పెన్సిల్‌తో రాయండి.